ఇంజనును పడుకోబెట్టే విద్య

యంత్రాలను గురించి ఈ పుటలో వ్రాయడం ఇదే మొదలు. పద్యమో, పాత పుస్తకమో, బీసెంటు రోడ్డు జ్ఞాపకమో దొరుకుతుందని వచ్చిన మిత్రులు ఈ ఒక్కసారికి నన్ను మన్నించాలి. రెండేళ్ళుగా మనసులో ముల్లులా గుచ్చుకుంటున్న సంగతి ఇది. వ్రాస్తే తప్ప ఊరట కలిగేలా లేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. యంత్రం పని చేస్తున్నప్పుడు పాడయ్యేదానికన్నా, పని లేక ఊరకే నిలబడినప్పుడు పాడయ్యేది ఎక్కువ. కనుక ఏడాదిలో నాలుగు రోజులే అవసరపడే వస్తువుకు అసలైన సేవ మిగిలిన మూడువందల అరవై రోజుల్లో జరగాలి. మనం ఆ మూడువందల అరవై రోజులను లెక్కలోకి తీసుకోవడం మానేశాం. ఇంట్లోనూ మానేశాం, వీధిలోనూ మానేశాం. దాని మూల్యం ఏమిటో నాకు 2024లో తెలిసివచ్చింది.

గవర్నర్‌పేటలో మేముండే అపార్టుమెంటుకు ఒక సెల్లారు ఉంది. 2009 అక్టోబరులో కృష్ణకు వరద వచ్చి ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం పదకొండు లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నగరమంతా హడలిపోయింది. ఆ భయం ఆరకముందే మా సంఘం వారు తలా కొంత వేసుకుని ఒక పెట్రోలు పంపుసెట్టు కొన్నారు. కొన్నరోజు దానికి పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ అన్నీ శాస్త్రోక్తంగా జరిగాయి. ఫొటో కూడా తీసుకున్నాం. ఆ పైన అది సెల్లారులో మెట్ల కింద చేరింది. మొదట్లో వానాకాలానికి ఒకసారి నడిపేవాళ్ళం. తరువాత రెండేళ్ళకు ఒకసారి. దాని మీద పాత ఫ్లెక్సీ ఒకటి కప్పారు. ఫ్లెక్సీ మీద అట్టపెట్టెలు చేరాయి. అట్టపెట్టెల మీద ఎవరి పిల్లవాడిదో మూడు చక్రాల సైకిలు చేరింది.

2024 ఆగస్టు 31న విజయవాడలో కురిసిన వాన సంగతి మీలో చాలామందికి తెలుసు. మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయింది ఆనాడే. మధ్యాహ్నానికి మా సెల్లారులో చీలమండల లోతున ఉన్న నీరు సాయంత్రానికి మోకాలికి వచ్చింది. లిఫ్టు గుంట నిండిపోయింది. మీటర్ల బోర్డు మునుగుతుందేమోనని కరెంటు కట్టేయించాం. కరెంటు లేదు గనుక మోటారు లేదు. అప్పుడు గుర్తుకు వచ్చింది మెట్ల కింది ఇంజను.

దాన్ని పైకి తెచ్చి, తుడిచి, తాడు లాగాం. అది ఉలకలేదు. ఒకరి తరువాత ఒకరు లాగారు. పై అంతస్తులోని ఇంజనీరింగు కుర్రవాళ్ళు పందెం వేసుకుని లాగారు. ఒకతని అరచేయి తోలు ఊడివచ్చింది. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి రెండు దగ్గులు దగ్గి నల్లటి పొగ ఊది, మళ్ళీ మౌనం వహించింది. తరువాత ఆ రాత్రంతా బక్కెట్లతో తోడాం. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దలు కూడా మెట్ల మీద వరుసలో నిలబడి బక్కెట్లు అందించారు. వారిని అక్కడ నిలబెట్టవలసి వచ్చినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ ఏడు సంఘానికి కార్యదర్శిని నేనే.

మరునాడు బుడమేరు సింగ్ నగర్ మీదికి వచ్చింది. దాని ముందు మా సెల్లారు కష్టం ఏపాటిది! మా పిన్ని వాళ్ళ ఇల్లు అక్కడే. కింది వాటా పూర్తిగా మునిగింది. వాళ్ళు మేడ మీద నాలుగు రోజులు ఉన్నారు. పడవల మీద, డ్రోన్ల మీద వచ్చిన పొట్లాలే ఆహారం. నడుము లోతు నీరు నాలుగు దిక్కులా ఉన్నంతకాలం ఏ పంపూ చేసేదేమీ లేదు. తోడి ఎక్కడ పోస్తారు? పంపు అవసరం నీరు తీసిన తరువాత వచ్చింది. మంచినీళ్ళ సంపు నిండా మురుగు, బురద. అగ్నిమాపక శకటాలు వచ్చి వీధులూ ఇళ్ళూ కడిగాయి గాని ప్రతి ఇంటి సంపునూ తోడడం ఎవరికి సాధ్యం? పిన్ని ఫోను చేసి, "మీ అపార్టుమెంటులో ఇంజను ఒకటి ఉందన్నావు కదరా నాన్నా, ఒక్క పూట పంపితే సంపు తోడించుకుంటాం. మా పక్కవాళ్ళవి కూడా రెండు ఉన్నాయి" అని అడిగింది. అది అప్పటికి ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు, నీట మునిగిన వందలాది మోటారు సైకిళ్ళ వెనుక, తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉంది. పిన్నికి ఆ మాట చెప్పలేక "చూస్తాను" అన్నాను. పది రోజుల తరువాత వాళ్ళే ఎవరినో పట్టుకుని తోడించుకున్నారు. అన్నాళ్ళూ ఆ వయసులో ఆమె డబ్బా నీళ్ళు మెట్లెక్కి మోసుకుంది.

మెకానిక్కు ఇంజను విప్పినరోజు నేను దగ్గరే ఉన్నాను. కార్బురేటరు అడుగున ఉండే చిన్న గిన్నెను తీసి నా అరచేతిలో పెట్టాడు. అందులో ఎండిపోయిన బెల్లంపాకం వంటి పదార్థం గోధుమ రంగులో అంటుకుపోయి ఉంది. పెట్రోలు వచ్చే సన్నటి జెట్టు రంధ్రం పూడిపోయింది. ట్యాంకు అడుగున తుప్పు. పీల్చే పైపు చివరనుండే ఫుట్ వాల్వు మూత తన చోట కరుచుకుపోయింది. పైపునేమో ఎలుకలు రెండు చోట్ల కొరికాయి. అతను అన్న మాట ఇది: "మాస్టారూ, ఇది తిరిగి పాడవలేదండీ. నిలబడి పాడయింది. దీని లోపల అరుగుదలే లేదు. కొత్త ఇంజనేనండి ఇది."

కొత్త ఇంజను! పదిహేనేళ్ళ వయసు, అరుగుదల లేని ఒళ్ళు, అవసరానికి అక్కరకు రాని బ్రతుకు. ఇంటికి వస్తూ దారి పొడుగునా మా పెదనాన్నగారిని తలచుకున్నాను.

మాది బంటుమిల్లి దగ్గరి పల్లె. కాలువల చివరి ఆయకట్టు. పై ఊళ్ళు తాగిన తరువాత మిగిలితే మాకు నీరు. అందువలన నాట్లప్పుడూ, వెన్ను పాలు పోసుకునే వేళా, మురుగు కాలువలో నుంచో బోదెలో నుంచో నీరు ఎత్తిపోసుకోవడానికి ఆయిలు ఇంజను తప్పనిసరి. పెదనాన్నగారిది అయిదు గుర్రాల డీజిలు ఇంజను. ఒకటే సిలిండరు, ఇరుపక్కలా రెండు పెద్ద చక్రాలు. గాలి వదిలే మీట ఎత్తిపట్టి, హ్యాండిలు తిప్పి, వేగం అందుకోగానే మీట వదిలితే, అది గొంతు సవరించుకుని మొదలుపెట్టేది. రాత్రిపూట పొలం మీంచి వచ్చే ఆ చప్పుడును బట్టి అది ఎవరి ఇంజనో ఊరివాళ్ళు చెప్పేవారు.

మాసూళ్ళు అయిపోయి, వరి కోసిన చేలల్లో మినుము పచ్చగా లేస్తూ ఉండగా సంక్రాంతి వచ్చేది. మినుముకు నీటితో పని లేదు. మంచు చాలు. అంటే ఇంజనుకు జూను దాకా సెలవు. కనుమనాడు పశువులను కడిగి, కొమ్ములకు రంగులు వేసి, పూజ చేస్తాం కదా. మా ఇంట్లో ఆ మధ్యాహ్నం ఇంజను పని కూడా ఉండేది. పెదనాన్నగారు దాన్ని "పడుకోబెట్టడం" అనేవారు. మాకు పిల్లలకు అదొక పండుగ. నట్టులు పళ్ళెంలో వరుసగా పెట్టడం నా పని.

ఆయన చేసే పనులకు ఒక క్రమం ఉండేది. మొదట ఇంజనును అరగంట నడిపి వేడెక్కించి, ఆ వేడి మీదే పాత ఆయిలు దింపి కొత్త ఆయిలు పోసేవారు. మళ్ళీ వాడేముందు మార్చుకోవచ్చు గదా, ఇప్పుడెందుకు కొత్త ఆయిలు దండగ అని ఒకసారి అడిగాను. "ఏరా, ఎంగిలి నోటితో పడుకుంటే పళ్ళు పుచ్చవూ?" అన్నారు. దాని వెనుకనున్న శాస్త్రం నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఇంధనం మండినప్పుడు పుట్టే ఆమ్లాలూ, తేమా, మసీ పాత ఆయిలులో చేరి ఉంటాయి. ఆ ఆయిలులో నెలల తరబడి నానితే బేరింగులు తినేసుకుపోతాయి. ఆరు నెలలు తిరిగి అరిగేదానికన్నా ఆరు నెలలు ఆ మురికిలో నిలబడి చెడేది ఎక్కువ.

తరువాత నీరు. సిలిండరు చుట్టూ చల్లదనం కోసం తిరిగే నీటినీ, పంపు పొట్టలో మిగిలిన నీటినీ చుక్క లేకుండా దింపేవారు. మా నీళ్ళలో ఉప్పు ఎక్కువ గనుక, ఆఖరిసారి ఇంజను నడిపేటప్పుడు చెరువు నీళ్ళు పీల్పించి లోపల కడిగేవారు. డీజిలు ట్యాంకును మాత్రం ఖాళీ చేయకుండా నిండా నింపేవారు. ఖాళీ చోటు ఉంటే అందులోని గాలి రాత్రి చలికి చెమర్చి, ఆ చెమట నీరై అడుగున చేరుతుంది. సిలిండరులోకి చెంచాడు ఆయిలు వదిలి, చేత్తో చక్రం నాలుగు చుట్లు తిప్పి, బిగువు తగిలిన చోట ఆపేవారు. అక్కడ రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. తేమ గాలి లోపలికి పోదు. బెల్టు ఊడదీసి చుట్టకుండా కొయ్యకు వేలాడదీసేవారు. పొగగొట్టానికి గుడ్డ కుక్కి, ఆ గుడ్డ కొస బయటికి వేలాడేటట్లు ఉంచేవారు, జూనులో మరిచిపోయి అలాగే నడపకుండా. కింద తాటిపట్టెలు, పైన గోనెపట్టా. పట్టాకు బదులు ప్లాస్టిక్కు కవరు కప్పనిచ్చేవారు కాదు. దాని కింద చెమ్మ నిలుస్తుందని. మా ఫ్లెక్సీ సంగతి ఆయన చూడకపోవడమే మేలైంది.

ఇంతటితో అయిపోలేదు. ప్రతి అమావాస్యకూ వెళ్ళి చేత్తో రెండు చుట్లు తిప్పి వచ్చేవారు. "ఎద్దయితే ఆకలేస్తే అరుస్తుంది. దీనికి నోరు లేదు. మనమే అడగాలి" అనేవారు. ఆయన పోయాక ఆ ఇంజనును ఎవరో కొనుక్కున్నారు. కొన్నవారు మొదటి తిప్పుకే అందుకుందని చెప్పుకోవడం నేను విన్నాను.

ఇది ఒక పల్లెటూరి రైతు ఛాదస్తమనుకునేవారికి మా మేనల్లుడి మాట చెబుతాను. అతను అమెరికాలో మినియాపొలిస్ నగరంలో ఉంటాడు. అక్కడ చలికాలంలో ఇంటి ముందు కాలిబాట మీద మంచు పేరుకుంటే, కురవడం ఆగిన ఇరవైనాలుగు గంటల్లో ఇంటివారే తొలగించాలని నగర నిబంధన. పారతో ఎత్తి నడుము పట్టేసిన తరువాత అతనొక మంచు చిమ్మే యంత్రం కొన్నాడు. స్నోబ్లోయరు అంటారు. ముందుభాగంలో తిరిగే మరచుట్టు మంచును లోపలికి లాక్కుంటుంది. ఒక గొట్టం గుండా దూరంగా విసిరేస్తుంది. నడిపేది మా పంపుసెట్టు వంటి చిన్న పెట్రోలు ఇంజనే.

కొన్న మొదటి ఏడు ఏప్రిలులో దాన్ని అలాగే గరాజులోకి తోసి ఊరకున్నాడు. నవంబరులో తొలి మంచు పడిన ఉదయం అది మొరాయించింది. తనకు జరిగింది చెబుతుంటే నాకు మా సెల్లారు కళ్ళకు కట్టింది. అదే తాడు, అదే అరచేయి, అదే పూడిపోయిన కార్బురేటరు. ఇప్పుడతను ఏప్రిలులో ఒక శనివారం దానికే కేటాయిస్తాడు. ట్యాంకులో పెట్రోలు తీసేసి, మిగిలింది మండిపోయి దానంతటదే ఆగేదాకా ఇంజనును నడుపుతాడు. ఆయిలు మారుస్తాడు. మరచుట్టుకు ఇరుసుతో బంధం కలిపే మెత్తటి మేకులు అరిగాయేమో చూసి అదనంగా రెండు జతలు కొని హ్యాండిలుకు కట్టి ఉంచుతాడు. లోపల రాయో గడ్డకట్టిన మంచుపెళ్ళో అడ్డుపడితే ఆ మేకులు ముందుగా విరిగి గేరుపెట్టెను కాపాడతాయట. మంచు ఉప్పు అంటిన చోట్ల కడిగి, ఆరబెట్టి, ఆయిలు పూస్తాడు. మనకు వడగాడ్పులు మొదలయ్యే వేళకు వాళ్ళ యంత్రం నిద్రపోతుంది. ఋతువులు తారుమారు, విద్య ఒక్కటే. పెదనాన్నగారు మంచు చూడలేదు. మేనల్లుడు పెదనాన్నగారిని చూడలేదు. అయినా ఒకే పని చేస్తున్నారు.

పెట్రోలు ఎందుకు అలా పాకమవుతుందో కొంచెం చెప్పాలి. పెట్రోలు ఒకే పదార్థం కాదు. ఎన్నో ద్రవాల కలయిక. నిలవ ఉంచితే తేలికగా మండే భాగాలు ముందుగా ఆవిరైపోతాయి. ఇంజను మొదటి తిప్పుకు అందుకోవడానికి కావలసినవి అవే. మిగిలినవి గాలిలోని ప్రాణవాయువుతో కలిసి జిగురవుతాయి. మన విజయవాడ ఎండలో ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. దీనికి తోడు ఇప్పుడు ఇథనాలు వచ్చింది. మన దేశంలో పెట్రోలులో కలిపే ఇథనాలు 2022 జూను నాటికి పది శాతానికి, 2025కు ఇరవై శాతానికి చేరింది. ఇథనాలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ మితిమీరితే ఇథనాలూ నీరూ కలిసి విడిపోయి ట్యాంకు అడుగున చేరతాయి. ఇంజనుకు మొదట అందేది ఆ అడుగునున్నదే. రోజూ నడిచే స్కూటరుకు ఈ బెడద లేదు, వారానికొకసారి కొత్త పెట్రోలు పడుతూ ఉంటుంది గనుక. మెట్ల కింద నిద్రపోయే ఇంజనుకే ఈ గండం. ఒకటి రెండు నెలలు దాటిన పెట్రోలును నమ్ముకోరాదని మా మెకానిక్కు చెప్పిన మాటను ఇప్పుడు మేము గోడ మీద వ్రాసి పెట్టుకున్నాం.

అందుచేత పెట్రోలు ఇంజనుకు డీజిలు పద్ధతి పనికిరాదు. దాని ట్యాంకు ఖాళీ చేయాలి, కార్బురేటరు ఎండేదాకా నడపాలి. స్పార్కు ప్లగ్గు విప్పి, సిలిండరులో చెంచాడు ఆయిలు వదిలి, తాడు మెల్లగా నాలుగుసార్లు లాగి ప్లగ్గు బిగించాలి. ఆ పైన బిగువు తగిలేచోట ఆపాలి. పంపు పొట్ట కింది బిరడా తీసి నీరు దింపాలి. ఫుట్ వాల్వు మూత వేలితో ఎత్తి చూడాలి. అది సరిగా మూసుకోకపోతే పైపులో పోసిన నీరు నిలవదు. నీరు నిలవనిదే పంపు పీల్చదు. రబ్బరు పైపును మడవకుండా పెద్ద చుట్టగా చుట్టి, ఎలుకలకు అందకుండా పైన కట్టాలి. తీసిన పెట్రోలును వంటింటికీ దీపానికీ దూరంగా పెట్టి, త్వరలోనే ఏ బండిలోనో పోసి వాడేయాలి. ఈ పనులన్నిటికీ పట్టేది ఒక పూట.

ఇంకొక మాట, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ రాత్రి ఎవరో ఇంజనును సెల్లారులోకే దింపి నడుపుదామన్నారు. విశ్రాంత ఉద్యోగి ఒకాయన గట్టిగా వారించారు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మూసిన చోట నిమిషాల మీద మనిషిని తీసుకుపోతుంది. ఇంజను ఎప్పుడూ బయటే, ఆరుబయటే ఉండాలి. లోపలికి దిగవలసింది పైపు మాత్రమే. పైపు పీల్చే లోతు కూడా ఆచరణలో ఆరేడు మీటర్లకు మించదు. మన సెల్లార్లకు అది చాలు.

ఇక నా అసలు ఫిర్యాదుకు వస్తాను. అది నా మీదా, నావంటి వారి మీదా. కొనడానికి మనకు ఉత్సాహం ఉంది, కాపాడడానికి లేదు. మా సంఘం లెక్కల పుస్తకం తిరగవేశాను. 2009లో పంపుసెట్టు కొనుగోలు పద్దు ఒకటి, దాని కింద పూజా ద్రవ్యాల పద్దు ఒకటి ఉన్నాయి. ఆ తరువాత పదిహేనేళ్ళలో ఇంజనాయిలు అన్న పద్దు రెండుచోట్ల కనబడింది. అదే పుస్తకంలో మెట్లకు రంగులు, గేటుకు దీపాలు, వినాయక చవితి పందిరి ఏటేటా ఉన్నాయి. పందిరి వద్దనడం లేదు. కాని ఇంజనుకు ఆయిలు పోస్తే ఎవరూ చూడరు, ఎవరూ చప్పట్లు కొట్టరు. సరిగా చేసిన సంరక్షణకు ఫలితం ఏమీ జరగకపోవడమే. ఏమీ జరగనిదాన్ని చూపించి ఎన్నికల్లో ఓటు అడగలేం, సంఘం సమావేశంలో శాలువా కప్పించుకోలేం.

ఈ డెల్టా బ్రతికింది మాత్రం అటువంటి కనబడని పనితోనే. 1855లో ఆనకట్ట పూర్తయినది మొదలు, 1952లో అది తెగి, 1957లో ప్రకాశం బ్యారేజీ నిలిచి, ఈనాటి వరకూ వేసవిలో కాలువలు కట్టేయడం అన్నది ఒక ఏర్పాటు. నీరు లేని ఆ రోజుల్లోనే పూడిక తీయాలి, గట్లు సరిచేయాలి, తూముల తలుపులకు రంగు పూసి మరలకు గ్రీజు పెట్టాలి. నా చిన్నతనంలో లాకుల దగ్గర లస్కర్లు ఎండలో కూర్చుని తలుపుల మరలకు నల్లటి గ్రీజు పూస్తుండడం చూసేవాణ్ణి. నీళ్ళు లేవు గదా, వీళ్ళకిక్కడ పనేమిటి అనిపించేది. నీళ్ళు లేనప్పుడే వాళ్ళకు పని అని అప్పుడు తెలియదు.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయంలో పందొమ్మిదో నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఏడు దశాబ్దాల నాటి ఆనకట్ట. ఎంతో నీరు వృథాగా నదిలో పోయింది. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడుగారు పారే నీటిలోనే అడ్డుపలకలు దింపించి దాన్ని ఆపారు. ఆ సెప్టెంబరులోనే పడవలు కొట్టుకువచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్ల బరువుదిమ్మెలను ఢీకొన్నప్పుడు ఇక్కడికీ ఆయనే వచ్చారు. మన దగ్గర జరిగింది పడవల దెబ్బ, గేట్ల తప్పు కాదు. బ్యారేజీ మీదుగా 11 లక్షల 43 వేల క్యూసెక్కులు పోయినా గేట్లు నిలిచాయి. నిలిచాయి గనుకనే వాటిని ఎవరు ఎన్నేళ్ళుగా చూసుకున్నారో మనకు తెలియదు. తెగిన గొలుసు వార్త అయింది. తెగని గొలుసుకు గ్రీజు పెట్టినవాడి పేరు ఏ పత్రికలోనూ రాదు. ఆపదలో పరుగెత్తివచ్చిన నిపుణుణ్ణి గౌరవించడం మన ధర్మం. ఆపద రాకుండా చూసినవాడికి కనీసం జీతమూ గ్రీజు డబ్బా సకాలంలో అందేటట్టు చూడడం కూడా ధర్మమే కదా!

నాతో విభేదించేవారి వాదం కూడా చెప్పాలి. మా సంఘంలోనే ఒకరు అన్నారు: "ఇంత బాధ ఎందుకండీ? అవసరమైనప్పుడు అద్దెకు తెచ్చుకుందాం. లేదా కరెంటు మోటారు ఒకటి వేద్దాం." మామూలు రోజుల్లో ఈ మాట నిజమే. కరెంటు మోటారు మాకూ ఉంది. కాని వరద వచ్చినరోజు ముందు పోయేది కరెంటు. అద్దె పంపు కోసం ఆ రోజు ఊరు ఊరంతా ఒకేసారి పరుగెడుతుంది. ఆపత్కాలపు వస్తువు ఇతరులకు కూడా అవసరమైన రోజునే మనకూ అవసరమవుతుంది. కనుకనే అది మన దగ్గర ఉండాలి, ఉండడమే కాదు, నడవాలి. నడవని ఇంజను ఉండడం లేకపోవడంకన్నా చెడ్డది. ఉందన్న ధైర్యంతో మనం వేరే ఏర్పాటు ఏదీ చేసుకోం. పిన్ని నన్ను అడిగింది కూడా ఉందన్న ధైర్యంతోనే.

విజయవాడ దసరా ఊరు. మహర్నవమినాడు గవర్నర్‌పేటలో ప్రతి దుకాణంలోనూ, ప్రతి షెడ్డులోనూ ఆయుధపూజ జరుగుతుంది. యంత్రానికి బొట్టు పెట్టే ఆచారం మనకుంది. చాలా గొప్ప ఆచారం. కాని తుప్పు మీద కుంకుమ పెడితే అమ్మవారు ఏమనుకుంటుంది? అందుకని మా అపార్టుమెంటులో ఒక మార్పు చేశాం. నవమికి ముందురోజు ఇంజనును పూర్తిగా విప్పి, కడిగి, ఆయిలు మార్చి, నడిపి చూసిన తరువాతనే మరునాడు పూజ. వానలు వెనుకపట్టి తుపానుల కాలం గడిచాక, కనుమ నాటికి, పెదనాన్నగారి పద్ధతిలో పడుకోబెట్టడం. మే నెలాఖరున లేపడం. మధ్యలో నెలకొకసారి ఎవరో ఒకరు చేత్తో తాడు మెల్లగా లాగి, గోడకు వేలాడే పుస్తకంలో తేదీ వేసి సంతకం చేయాలి. అంతస్తుల వారీగా వంతులు వేశాం. ఏడాదికి అయ్యే ఖర్చు వినాయక చవితి మైకు సెట్టు అద్దెకన్నా తక్కువ. మెట్ల కింద నుంచి దాన్ని తీసి, పై అంతస్తు గదిలో పట్టెల మీద ఉంచాం. నీరు వస్తే ముందు మునిగేచోట నీరు తోడే యంత్రాన్ని దాచిన తెలివి మాది!

ఆ కుర్రవాళ్ళలో అరచేయి తోలు ఊడిన అబ్బాయి ఇప్పుడు ఈ పనికంతటికీ పెద్ద. మొన్న కనుమకు అతను ప్లగ్గు విప్పుతూ ఉంటే, మూడో అంతస్తు చిన్నపిల్ల ఒకతె నట్టులు పళ్ళెంలో వరుసగా పెట్టింది. చేతులకు ఆయిలు అంటిందని వాళ్ళ అమ్మ కోప్పడింది. నాకు మాత్రం చాలా సంతోషం వేసింది.

పిన్నికి ఇప్పుడు చెప్పాను, ఆనాడు ఇంజను ఎందుకు పంపలేకపోయానో. ఆమె ఏమీ అనలేదు. "ఇప్పుడు నడుస్తోందా?" అని మాత్రం అడిగింది. నడుస్తోందన్నాను. వాళ్ళ వీధి నాలుగిళ్ళకూ దాన్ని ఎవరు, ఏ బండి మీద తీసుకువెళ్ళాలో కూడా పుస్తకం మొదటి పుటలో వ్రాసి ఉంచాం.

మిత్రులారా, మీ ఇళ్ళలో కూడా ఏ అటక మీదనో, ఏ మెట్ల కిందనో ఇటువంటిది ఒకటి ఉండే ఉంటుంది. జనరేటరో, మందుకొట్టే యంత్రమో, మంచు చిమ్మేదో. ఈ టపా చదవడం అయ్యాక లేచి వెళ్ళి దాని మీది ఫ్లెక్సీ ఎత్తి చూడండి. ఒకసారి తాడు లాగండి. అది పలికిందో లేదో నాకు కూడా తెలియజేస్తే సంతోషిస్తాను.